మునిగిన ఓడ మీద గాలం వేయాలంటే ఏ నెల, ఏ బోటు, ఎవరి మాట

ఈసారి ఉత్తరాల్లో సముద్రం మాటే జాస్తిగా ఉంది. కొండకింద ఊళ్ళ నుంచి, చిత్తూరు వైపు నుంచి ఇన్ని వస్తాయని అనుకోలేదు, చాలా సంతోషంగా ఉంది. మొదటి ఉత్తరం పెద్దది, జవాబూ పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: సార్ నమస్తే, మేము అయిదుగురు ఫ్రెండ్స్, తిరుపతిలోనే డిగ్రీ కలిసి చదివినాం, ఇప్పుడు ఇద్దరు బెంగళూరు, ఒకడు చెన్నై, నేనూ ఇంకొకడూ ఇక్కడే. చిన్నప్పట్నుంచీ పిచ్చాటూరు అరణియార్ దగ్గర, కండలేరు దగ్గర గాలాలు వేసినోళ్ళమే కానీ సముద్రం మీదికి ఎప్పుడూ పోలేదు. మునిగిపోయిన ఓడల మీదికి తీసుకుపోయి చేపలు పట్టించే చార్టర్ బోటు ఒకటుందని చెన్నై ఫ్రెండు కనుక్కున్నాడు, రేటు వినేసరికి మావాళ్ళు వెనకాడుతున్నారు. ఇంకొకడేమో తూపిలిపాళెం వైపు తెలిసినాయన ఫైబర్ బోటు ఉంది, మూడోవంతు ఖర్చుతో అయిపోతుంది అంటున్నాడు. దీపావళి దాటినాక నవంబర్లో పోదామా లేకపోతే మే సెలవుల్లోనా అని ఆలోచిస్తున్నాం. మాలో ఒకడికి ఈత రాదు, ఇంకొకడికి కొండకి బస్సులో పోతేనే ఘాట్ రోడ్డులో వాంతులు. అసలు మునిగిన ఓడ దగ్గరే చేపలు ఎందుకుంటాయి, గాలం ఓడకి తగులుకోదా, కొంచెం వివరంగా చెప్పండి. – ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు నెల సంగతి తేల్చేద్దాం నాయనా, ఎందుకంటే మీరు రాసిన రెండు నెలలూ పనికిరావు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేది ఆ నెలల్లోనే. 2021 నవంబర్లో తిరుపతి వీధులు ఏరులైన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి, ఆ వానంతా సముద్రం మీద నుంచి మనదాకా వచ్చిందే. ఇంత దూరాన మన వీధుల్లోనే అట్లా ఉంటే అది పుట్టిన చోట బోటులో కూర్చున్నోడి పరిస్థితి ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఇక మే నెలంటారా, మన తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని ఆంధ్రా, తమిళనాడు, పాండిచ్చేరి అంతటా ఇంజిను బోట్లు వేటకి కదలకూడదు. ఆ టైంలో ఎవరైనా "ఫర్వాలేదు రండి, నేను తీసుకుపోతా" అన్నాడంటే రూలు తప్పడం అతనికి అలవాటే అని అర్థం, అట్లాంటోడి బోటు అసలు ఎక్కొద్దు.

సంక్రాంతి దాటినాక జనవరి చివర్నుంచి మార్చి ఆఖరుదాకా, అదీ మీకు సరైన కాలం. చలిగాలి తగ్గుతుంది, నీళ్ళు తేటపడతాయి, పొద్దున పూట సముద్రం చెరువు మాదిరి ఉండే రోజులు ఎక్కువగా దొరికేది అప్పుడే. జూలై నుంచి సెప్టెంబర్ దాకా కూడా పోయేవాళ్ళున్నారు, కానీ సాయంత్రమైతే ఉరుములు మెరుపులు, పైగా మన ఇళ్ళల్లో పెరటాసి శనివారాలు మొదలవుతాయి, ఆ తర్వాత కార్తీకం, పట్టుకొచ్చినా వండేవాళ్ళు ఉండరు.

ఇప్పుడు బోటు సంగతి. తూపిలిపాళెం ఆయన్ని నేను ఒక్క మాట కూడా అనను, ఆయనకి సముద్రం మనకి ఇల్లు ఎంత తెలుసో అంత తెలుసు. కానీ ఆ ఫైబర్ బోటు వేటకి చేసింది, దాని రిజిస్ట్రేషన్ కూడా చేపల వేటకే, మనలాంటి వాళ్ళని ఎక్కించుకోడానికి కాదు. అలలు విరిగే చోట దాన్ని ఇసుక మీద నుంచి నీళ్ళలోకి తోసేటప్పుడు ఎవరు ఎప్పుడు ఎక్కాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు వొంగాలో వాళ్ళకి చిన్నప్పట్నుంచీ ఒంటికి పట్టి ఉంటుంది, మనకి ఉండదు. పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా జాస్తి ప్రమాదం నడిసముద్రంలో కాదు, ఒడ్డుకి వంద గజాల్లో, ఆ అలలు విరిగే చోట. హార్బర్ నుంచి బయల్దేరే బోటుకి ఆ బాధ లేదు, మీరు కట్టే ఎగస్ట్రా డబ్బుల్లో సగం విలువ అక్కడే ఉంది.

నేనూ ఒకప్పుడు మీ ఫ్రెండు మాదిరే లెక్కలేసినోణ్ణే. చాలా ఏళ్ళ కిందట ఒక ఫిబ్రవరిలో ఆరుగురం కలిసి తక్కువలో అయిపోతుందని ఒక చిన్న బోటు మాట్లాడుకుని పోయినాం, ఊరి పేరూ మనిషి పేరూ వద్దులెండి. పదకొండు గంటలకి ఇంజిను ఆగిపోయింది, ఎంత లాగినా పట్టుకోలా. రేడియో లేదు, ఫోనులో సిగ్నల్ లేదు, లంగరు తాడు అక్కడి లోతుకి అందలా, లైఫ్ జాకెట్లేమో ఐసు పెట్టె కింద మూటకట్టి పడేసినారు, విప్పి చూస్తే రెండింటికి బకిల్సే లేవు. బోటు కదలడం లేదనే అనుకుంటా కూర్చున్నాం మేము, మూడు గంటల తర్వాత చూస్తే ఒడ్డు మీద మాకు ఎదురుగా కనిపించిన సెల్ టవరు బాగా దక్షిణానికి జరిగిపోయి ఉండాది. జరిగింది టవరు కాదు, మేము. ఆ నెలల్లో మన తీరం వెంబడి నీళ్ళు ఉత్తరానికి పారుతాయి, వానాకాలం చివర్లో దక్షిణానికి పారుతాయి, ఆ సంగతి నాకు ఆ రోజే ఒంటితో తెలిసింది. సాయంత్రం ఒక మరబోటు వాళ్ళు చూసి తాడు వేసి లాక్కొచ్చినారు, దేవుళ్ళ మాదిరి వచ్చినారు, డబ్బులిస్తే తీసుకోలా. ఆ రోజు నుంచి నేను బోటు మాట్లాడేటప్పుడు రేటు ఆఖర్న అడుగుతా.

మొదట అడగాల్సింది ఏమిటంటే ఎంతమందికి పర్మిషన్ ఉంది, ఇంజిను ఒకటా రెండా, వీహెచ్ఎఫ్ రేడియో పనిచేస్తుందా (ఆపదలో పిలిచేది 16వ చానెల్), లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా, అవి బయటే ఉంటాయా. ఇంకొకటి చాలామంది అడగరు, అదే అన్నిటికంటే ముఖ్యం అని నా ఉద్దేశం. గాలి బాగలేదని ఆ రోజు ఆపేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా లేదా ఇంకో రోజు తీసుకుపోతారా? ఇది ముందే రాసుకుంటే తెల్లారుజామున సరంగు (బోటు నడిపే పెద్ద) "ఈ రోజు వద్దు" అనడానికి అతనికీ భయం ఉండదు, మీకూ బాధ ఉండదు. రాసుకోకపోతే ఆ పొద్దున నిర్ణయం చేసేది సముద్రం తెలిసినోడు కాదు, మీరు కట్టిన అడ్వాన్సు.

లైఫ్ జాకెట్ ఈత రాని అబ్బాయికి మాత్రమే కాదు, అయిదుగురికీ, గట్టు దగ్గర వేసుకుంటే మళ్ళీ గట్టు మీద దిగినాకే విప్పాలి. 2019 సెప్టెంబర్ 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగి ఏమైందో మనందరికీ తెలుసు. 2011 క్రిస్మస్ రోజు మన పక్కనే పులికాట్ దగ్గర బోటు తిరగబడి 22 మంది పోయినారు, సరదాగా పోయినోళ్ళే, జాకెట్లు లేవు. ఉక్కగా ఉంది, ఫోటోలో బాగలేదు అని విప్పేవాళ్ళని నేను నా బోటులోకి పిలవను, ఎంత ఫ్రెండైనా సరే. మందు సీసా కూడా అంతే, బోటెక్కనియ్యొద్దు, తిరిగొచ్చినాక మీ ఇష్టం.

వాంతుల అబ్బాయికి చెప్పండి, ముందురోజు రాత్రి బాగా నిద్రపోవాలి, బిర్యానీ తినకూడదు, పొద్దున రెండు ఇడ్లీలు చాలు, ఖాళీ కడుపుతో మాత్రం పోకూడదు. డాక్టర్ని అడిగి అవోమిన్ లాంటి మాత్ర బయల్దేరే ముందు అరగంటకో గంటకో వేసుకోవాలి, తిప్పడం మొదలైనాక వేసుకుంటే లాభం లేదు. బోటులో నడుమ కూర్చోని దూరంగా ఆకాశం నీళ్ళు కలిసే గీతనే చూడాలి, ఫోను చూడకూడదు, కింద వొంగి గాలానికి ముడి వేయకూడదు, ఆ ముడి పక్కనున్నోళ్ళు వేసివ్వండి. బోటు పరుగెడుతున్నప్పుడు కాదు, ఓడ మీద ఆపి ఊగుతున్నప్పుడే తిప్పుడు ఎక్కువ, అది ముందే తెలిస్తే సగం ధైర్యం.

ఇక ఓడ దగ్గర చేపలెందుకుంటాయి అన్నారు. మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగు చాలాచోట్ల కిలోమీటర్ల కొద్దీ బురదా ఇసుకా, బల్లపరుపుగా ఉంటుంది, నక్కడానికి ఒక్క చాటు ఉండదు. ఎండాకాలం మన మెట్ట పొలాల్లో ఒక్క చింతచెట్టు ఉంటే చూడండి, మేకలు దాని కిందే, కాకులు దాని మీదే, కూలోళ్ళ సద్దిమూట దాని కొమ్మకే. నీళ్ళకింద ఓడ అట్లాంటిది. ముందు ఇనుముకి గుల్లలు, నాచు పట్టుకుంటాయి, వాటిని గీకి తినేందుకు చిన్న చేపలొస్తాయి, నీటి వాటం ఓడకి తగిలి చీలే చోట ఎరంతా పోగవుతుంది, దాన్ని తినే పారలు, సీలాలు పైన తిరుగుతా ఉంటాయి, లోపల గదుల్లో, కంతల్లో బొంత చేప కూర్చుంటుంది. బొంత అంటే తెలీకపోతే కలవ అనండి, చెన్నై మార్కెట్లో ఆ పేరే. మా సరంగు తమిళాయన, మునిగిన ఓడని "పారు" అనే అంటాడు, వాళ్ళ మాటలో పారు అంటే నీళ్ళకింద రాతిగుట్ట. ఓడ మునిగి కొన్నేళ్ళైతే చేపకి అది ఓడ కాదు, గుట్టే.

బంగాళాఖాతం అడుగున ఇట్లాంటివి చాలానే ఉన్నాయి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు వేసిన జర్మనీ ఓడ ఎమ్డెన్ ఈ సముద్రంలో ఎన్నో వర్తక ఓడల్ని ముంచింది (గడుసు మనిషిని తమిళోళ్ళు ఇప్పటికీ ఎమ్డన్ అంటారు, ఆ పేరు దాన్నుంచే). 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన ఆ వారంలోనే వాళ్ళ యుద్ధనౌకలు ఇరవైకి పైగా వర్తక ఓడల్ని ముంచేసినాయి. అవన్నీ మీ బోటు పోయే దూరంలో ఉండవు, లోతులో ఎక్కడెక్కడో ఉన్నాయి. మీరు పోయేది మామూలుగా గాలివానకి మునిగిన మరబోటో, బార్జో, పాత సరుకు ఓడో అయ్యుంటుంది, ఎవరూ చరిత్రలో రాయలేదు, వలలు చిక్కుకుని చినిగినోళ్ళకే దాని జాగా తెలుసు. పెద్దాయన్లు ఆ జాగాని ఒడ్డు చూసి పట్టేవాళ్ళు. ఒక కొండా ఒక గోపురమో టవరో ఒకే వరసలోకి వచ్చే గీత ఒకటి, ఇంకో పక్క ఇంకో రెండు గుర్తులు కలిసే గీత ఒకటి, ఆ రెండు గీతలూ కోసుకున్న చోట ఓడ. ఇప్పుడు జీపీఎస్ వచ్చింది, అడుగు చూపించే మిషన్ తెరమీద బల్లపరుపు గీత ఉన్నట్టుండి గూడు మాదిరి పైకి లేస్తుంది, చుట్టూ చుక్కలు చుక్కలుగా చేపలు. మొదటిసారి ఆ తెర చూసినప్పుడు నాకు నోట మాట రాలా, అయిదు నిమిషాలు గాలం వేయడమే మర్చిపోయినా.

గాలం తగులుకుంటుందా అంటే తగులుకుంటుంది, మొదటిసారి పోయినోళ్ళు సీసం గుండ్లు డజను పోగొట్టుకోవడం మామూలే, కాబట్టి ఎక్కువే తీసుకుపోండి. ఒక చిన్న ఉపాయం ఉంది, గుండుని అసలు దారానికి కట్టొద్దు, దానికంటే బాగా పల్చటి తంగూసు ముక్కతో కట్టండి, గుండు ఇనుములో ఇరుక్కుంటే ఆ ముక్క తెగి గాలమూ చేపా పైకొచ్చేస్తాయి. బోటుని సరంగు నీటి వాటానికి ఎగువన పెట్టి ఓడ మీదుగా జారనిస్తాడు, ఆయన "వేయండి" అంటేనే వేయాలి, "లాగండి" అంటే అయిదుగురూ అదే క్షణం లాగాలి, ఒకడు ఆలస్యం చేస్తే వాడి దారం పక్కోడి దారానికి చుట్టుకుని మిగిలినోళ్ళకీ ఆ దఫా పోయినట్టే. గుండు అడుగు తాకగానే రెండు బారలు పైకి తీసేయాలి. చెరువులో మాదిరి చేప మింగేదాకా గమ్మున చూస్తా కూర్చుంటే ఇక్కడ కుదరదు, బొంత ఎర పట్టిందంటే మరుక్షణం కంతలోకి దూరి మొప్పలు విప్పి బిగుసుకుంటుంది, దాన్ని ఇంక ఎవరూ తీయలేరు. తగలగానే చక్రం తిప్పడమే, మొదటి రెండు బారలు గెలిస్తే చేప మీది. అరణియార్లో అలవాటైన వెదురు కర్ర ఇంట్లోనే పెట్టండి, గట్టి పొట్టి కర్ర, అల్లిక దారం, చివర మొద్దు తంగూసు కావాలి, చార్టర్ వాళ్ళే ఇస్తారు. సర్కిల్ హుక్కులు అడగండి, అవి పెదవి మూలనే పట్టుకుంటాయి, చేప గాలం మింగదు, వదలాలన్నా సులువు.

వదలడం గురించి కొంచెం ఎక్కువే చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. బొంత చేప ముందు ఆడదిగా పెరిగి పెద్దదయినాక మగదవుతుంది, కాబట్టి ఒక ఓడ మీద ఉన్న పెద్దవాటిని ఏరుకుని పట్టేస్తే మగవి మిగలవు. ఆ జాగా మళ్ళీ నిండడానికి ఏళ్ళు పడుతుంది, వల పడని చోటు కాబట్టే అవి అక్కడ అంత పెరిగినాయి. లోతు నుంచి గబగబా లాగితే వాటి గాలితిత్తి ఉబ్బి కడుపుని నోట్లోంచి బయటికి తోస్తుంది, అట్లాంటిదాన్ని నీళ్ళలో వదిలినా తేలుతుంది, కిందికి పోలేదు. అందుకే పట్టి పట్టి వదిలేద్దాం అనే ఆట కూడా లోతైన ఓడ మీద మంచిది కాదు. ఇంటికొక పూట కూరకి ఎంత కావాలో అంత రాగానే ఓడ మీద నుంచి జరిగిపోయి, తిరుగుదారిలో పైపైన తిరిగే వంజరానికీ పారకీ లాగుడు గాలం (కదిలే బోటు వెనక లాగేది) వేయండి. ఒక్క చేప సంగతి మాత్రం చట్టమే చెప్తుంది, మనిషంత పెరిగే రాక్షస బొంత 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉంది, పొరపాటున తగిలితే దారం కోసేయండి, బోటులోకి ఎక్కించి ఫోటో తీసుకోవద్దు. తాబేలు తగిలినా అంతే, మీరు పోయే జనవరి మార్చి నెలల్లోనే అవి మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వస్తాయి.

ఆఖరుగా ఒక రోజు సంగతి చెప్తా. మంచి బోటు, మంచి సరంగు, తెల్లారి ఆరింటికల్లా ఓడ మీదున్నాం, తొమ్మిదింటికి చేపలు ఎగబడుతున్నాయి, ఒక్కొక్కడి చేతులు నొప్పులు పుడుతున్నాయి సంతోషంతో. అప్పుడు సరంగు గాలం చుట్టేసినాడు. ఆకాశం తేటగానే ఉంది, నీళ్ళూ బాగానే ఉన్నాయి, ఆయన ఉత్తరం వైపు ఒకసారి చూసి "పోదాం" అన్నాడు, అంతే. మాలో ఒకడు ఇంత డబ్బు కట్టినాం ఇంకో గంట అని పట్టుబట్టినాడు, ఇద్దరు వాడి పక్క చేరినారు. ఆయన వాదించలా, లంగరు లాగి ఇంజిను వేసినాడు. హార్బర్ గోడ దాటి లోపలికొచ్చిన ఇరవై నిమిషాలకి గాలి లేచింది, ఎదురుగా నిలబడలేకపోయినాం, అంతకుముందు మేమున్న వైపు నల్లగా మూసుకుపోయింది. పట్టుబట్టినోడు వెళ్ళి సరంగు చెయ్యి పట్టుకున్నాడు, ఏమీ మాట్లాడలా. మీరు అయిదుగురూ బయల్దేరే ముందే ఒక మాట అనుకోండి, సరంగు తిరుగుదామంటే ఎందుకని ఒక్కరు కూడా అడగకూడదు. ముందురోజు ఐఎండీ (వాతావరణ శాఖ) సూచన, హైదరాబాద్ ఇన్‌కాయిస్ వాళ్ళ అలల హెచ్చరిక చూసుకోండి, కోస్ట్‌గార్డ్ నంబర్ 1554 ఫోనులో పెట్టుకోండి, ఇంట్లోవాళ్ళకి బోటు పేరు, సరంగు నంబరు, తిరిగొచ్చే టైము రాసిచ్చి పోండి. ఈత రాని అబ్బాయిని కూడా తీసుకుపోండి, అతన్ని వదిలేయొద్దు.

ప్రశ్న: మేము నలుగురు టీచర్లం, చిత్తూరు. మా ఇళ్ళల్లో మగవాళ్ళు పోయొచ్చినారు, మేమూ పోదామంటే ఆడవాళ్ళు బోటెక్కితే చేపలు పడవు అంటున్నారు. బోటులో బాత్రూం ఉంటుందా అండీ, అదే మాకు పెద్ద దిగులు. – చిత్తూరు పాఠకురాళ్ళు

జవాబు: చేపలకి ఆ సంగతి తెలీదమ్మా, తప్పకుండా పోండి. పులికాట్ చుట్టూ నీళ్ళలో దిగి రొయ్యలు పట్టే ఆడవాళ్ళని నేను చూసినాను, మన ఊళ్ళకి చేపలు బుట్టల్లో తెచ్చి అమ్మేదీ ఎక్కువగా వాళ్ళే. బాత్రూం మాత్రం నోరు విడిచి అడగాల్సిందే, సిగ్గుపడొద్దు. గది ఉన్న పెద్ద బోట్లలో చిన్నదైనా ఉంటుంది, తెరిచిన బోట్లలో ఉండదు. బాత్రూం లేదంటే ఆ బోటు వద్దనండి. పోవాల్సొస్తుందని నీళ్ళు తాగకుండా మాత్రం పోవద్దు, ఆ ఎండకి కళ్ళు తిరిగి పడిపోతారు, వాంతులైతే ఇంకా ప్రమాదం. చీరా చున్నీ వద్దు, చేతుల నిండా ఉండే కాటన్ చొక్కా, పైంటు, టోపీ. తడిసిన చెక్క మీద జారని చెప్పులు తీసుకోండి, కొందరు సరంగులు చెప్పులతో బోటెక్కనివ్వరు, బోటంటే వాళ్ళకి అమ్మవారు, వాళ్ళు విప్పమంటే విప్పండి.

ప్రశ్న: మాది నాయుడుపేట. మా దగ్గర్లోనే దుగరాజపట్నం, శ్రీహరికోట ఉండగా అందరూ చెన్నై ఎందుకు పోతారు? మా దగ్గర మునిగిన ఓడలు లేవా? – ఒక పాఠకుడు

జవాబు: ఇంగ్లీషోళ్ళ లెక్కలో మీ తీరం చరిత్ర చెన్నై కంటే పాతది, ఆ మాట ముందు గర్వంగా చెప్పుకోండి. ఇంగ్లీషోళ్ళు 1626లో దుగరాజపట్నంలో కొట్టు పెట్టినారు, దాన్నే ఆర్మగాన్ అన్నారు, అక్కడి ఆరుముగ ముదలియార్ పేరు మీద ఆ పేరొచ్చిందంటారు. అక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసులో జాగా సంపాదించినాకనే వాళ్ళ మకాం అటు మారింది. మీ ఒడ్డుకి ఎదురుగా నీళ్ళకింద పెద్ద ఇసుక తిప్ప ఉంది, ఆర్మగాన్ లైట్‌హౌస్ వెలుగుతున్నది ఓడలు దాని మీదికి ఎక్కకుండానే. కానీ చార్టర్ బోటు కట్టేందుకు లోతైన హార్బర్ మీ దగ్గర లేదు, బోటు ఇసుక మీద నుంచే దిగాలి, అందుకే చెన్నై. ఇంకొకటి, శ్రీహరికోట ఎదురుగా రాకెట్ వదిలే రోజుల్లో సముద్రం మూసేస్తారు, వేటకి పోవద్దని మత్స్యకారులకి ముందే చెప్తారు, మామూలు రోజుల్లో కూడా ఆ ఒడ్డు దగ్గరికి పోనివ్వరు. మీరు చెన్నై నుంచి పోయినా సరే రాకెట్ తేదీ చూసుకునే బోటు మాట్లాడుకోండి.

ప్రశ్న: 2012లో బీసెంట్ నగర్ బీచ్‌లో ఇరుక్కున్న పెద్ద ఓడని నేను చూసినాను, దాని మీద చేపలు పట్టొచ్చా? – చంద్రగిరి

జవాబు: అది ప్రతిభా కావేరి, ఆ ఏడు అక్టోబర్ 31న నీలం తుఫాను దాన్ని ఒడ్డుకి తోసింది. కానీ అది మునగలేదు, నవంబర్లోనే లాగి తీసుకుపోయినారు. ఓడ నిలిచింది, లైఫ్‌బోటు వేసుకుని ఒడ్డుకి రాబోయిన కుర్రాళ్ళే కొందరు ఆ అలల్లో పోయినారు. పైన నేను ఒడ్డు దగ్గరి అలల గురించి అంతగా చెప్పింది అందుకే.

ప్రశ్న: మునిగిన ఓడలో నూనె, రసాయనాలు ఉంటాయి కదా, ఆ చేపలు తినొచ్చా? – పలమనేరు

జవాబు: మంచి ప్రశ్న. ముప్పై నలభై ఏళ్ళ కిందట మునిగిన మరబోటు, ఖాళీ బార్జు అయితే నాకు భయం లేదు, నేను తింటా, మా పిల్లలకీ పెడతా. కొత్తగా మునిగిన సరుకు ఓడ వేరు. 2025 మే 25న కేరళ ఎదురుగా ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగింది, 640 కంటెయినర్లు, అందులో 13 ప్రమాదకరమైన సరుకు, ఎక్కువ కాల్షియం కార్బైడ్, ట్యాంకుల్లో డీజిలూ ఫర్నేస్ ఆయిలూ. మనుషుల్ని అందర్నీ కాపాడినారు కానీ ఒడ్డంతా ప్లాస్టిక్ గింజలు కొట్టుకొచ్చినాయి, దాని చుట్టూ 20 నాటికల్ మైళ్ళు వేట ఆపేసినారు, తర్వాత అక్కడి మత్స్యకారుల వలలు ఆ కంటెయినర్లకి తగిలి చినుగుతున్నాయి. వాళ్ళ నష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అట్లాంటి ఓడ ఎక్కడున్నా ఎన్నేళ్ళయినా, ప్రభుత్వం సరే అనేదాకా దాని మీద గాలం వేయొద్దు. నీళ్ళ మీద రంగురంగుల పొర, డీజిల్ వాసన కనిపించినా అక్కణ్ణుంచి జరిగిపోవాలి.

ప్రశ్న: ఓడలోంచి ఇత్తడి వస్తువులు గాలానికి వస్తాయంటారు, ఇంటికి తెచ్చుకోవచ్చా? – తిరుచానూరు

జవాబు: తెచ్చుకోకూడదు. మునిగిన ఓడకీ దాని సరుకుకీ చట్టం ఉంది, దొరికినోడిది అయిపోదు. వందేళ్ళు దాటినదైతే 1972 పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. పైగా ఆ ఓడలో మనుషులు పోయి ఉండొచ్చు, అది వాళ్ళ సమాధి కూడా. సరంగుకి చెప్పి అధికారులకి తెలియజేయండి.

ప్రశ్న: పోయినసారి చెన్నై నుంచి వంజరం తెచ్చేసరికి పుత్తూరు దగ్గరే వాసన మొదలైంది. ఇంటిదాకా ఎట్లా తేవాలి? – పుత్తూరు పాఠకురాలు

జవాబు: తప్పు కారులో జరగలేదమ్మా, బోటులోనే జరిగింది. పట్టిన చేపని ఎండలో పడేసి ఫోటోలు తీసుకుంటారు, ఆ అరగంటే దాన్ని పాడు చేస్తుంది. వంజరం, సూర లాంటివి వేడికి ఉంటే వాటిలో ఒక విషం పుడుతుంది, దద్దుర్లు, తలనొప్పి, మొహం ఎర్రబడటం, ఎంత ఉడికించినా అది పోదు, కాబట్టి అనుమానం వస్తే పిల్లికి కూడా వేయొద్దు. పట్టగానే మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, కడుపు తీసేసి, పెట్టెలో ఒక పొర ఐసు ఒక పొర చేప. కిలో చేపకి కిలో ఐసు, పొడిగా కొట్టింది, గడ్డలు కాదు. కరిగిన నీళ్ళు బయటికి పోయే కంత ఉండాలి, చేప ఆ నీళ్ళలో నానకూడదు. దారిలో ఊత్తుకోట దగ్గర ఆపి ఐసు ఇంకోసారి నింపుకోండి. ఇట్లా తెస్తే రాత్రి పదింటికి ఇంటికొచ్చినా గట్టిగానే ఉంటుంది. అప్పుడే చింతపండు పులుసు పెట్టి, చివర్లో మామిడికాయ ముక్కలు వేసి, మంట తగ్గించి చేప ముక్కలు వేయండి. గరిటె పెట్టొద్దు, గిన్నె పట్టుకుని తిప్పండి. దించి మూతపెట్టి తెల్లారి దాకా కదిలించకుండా ఉంచి పొద్దున వేడి సంగటిలోకి వడ్డించండి.